దూసి మిషను మామ

ఆదివారం పూట మమ్మల్ని ఏనాడూ ప్రశాంతంగా కూర్చోనివ్వని మనిషి, పోవడం కూడా ఆదివారమే పోయాడు.

ఫోను చేసింది ఆయన భార్య. యానాంలో మేము అప్పుడే టిఫిన్లు ముగించి చేతులు కడుక్కుంటున్నాం. "మీ మామ తెల్లార్తో పోయినాడు నాయనా. పాపకి చెప్పు. సాయంత్రం ఎత్తేస్తారు, మీరు యాడ వచ్చేది, ఉండండి," అంది. పాండిచ్చేరి అంటే ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం. సాయంత్రానికి అందుకోలేం. పాప అంటే నా భార్య పద్మ. ఫోను పెట్టేసి తనకి చెప్పాను. చెప్పి, "చూశావా, ఈయనకి ఇంకో వారం దొరకలేదు," అన్నాను విసుగ్గా. పద్మ నా మొహంలోకి చూసింది. నేను వెళ్ళి వీధి గుమ్మంలో కూర్చుని ఏడ్చాను.

పాండిచ్చేరిలో, లాస్‌పేటలో, ఆయన ఇంటి మేడమీద మూడున్నరేళ్ళు అద్దెకున్నాం. సునామీ వచ్చిపోయిన మరుసటి ఏడు యానాం నుంచి గవర్నమెంటు ఆఫీసుకి బదిలీ మీద వెళ్ళాను. ఆయనది ఎన్ని తరాల కిందట వచ్చి స్థిరపడిందో ఎవరికీ లెక్క తెలియని తెలుగు రైతు కుటుంబం. వీధంతా ఆయన్ని మామ అనేది. మేము గోదావరి వాళ్ళం కాబట్టి మావయ్యగారూ అనేవాళ్ళం. ఆ 'గారు' తగిలించినప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి, ఇంకెవరైనా వచ్చారా అన్నట్టు చూసేవాడు. నన్ను మాత్రం మూడున్నరేళ్ళలో ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు. "ఏమయ్యా యానాం, ఉండావా?" అంటూ మూడో మెట్టు మీదే గొంతు సవరించుకుని, లేనని చెప్పే వ్యవధి ఇవ్వకుండా లోపలికి వచ్చేసేవాడు.

తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. చదవడానికి వచ్చింది అరవమూ, ఫ్రెంచీ. చిన్నప్పుడు ఫ్రెంచివాళ్ళ బళ్ళో కూర్చున్నాడట. ఈ ఫ్రెంచి సంగతి కాస్త గుర్తుంచుకోండి, మా కొంప ముంచింది అదే.

సేదరపేట్ వైపు ఆయనకున్న పొలం ఫ్యాక్టరీల కిందకి పోయింది. పొలం పోయినా బావి మీది ఆయిలింజను మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. అది మెట్ల కింద గోనెపట్టా కప్పుకుని ఉండేది. తోడడానికి నీళ్ళు లేవు, తడపడానికి మడి లేదు, అయినా నెలకోసారి దాన్ని నిలువునా విప్పి, కిరసనాయిల్లో కడిగి, మళ్ళీ బిగించేవాడు. ఒకసారి తాడేసి లాగి, ఆ డబడబలు ఒక్క నిమిషం విని, ఆపేసేవాడు. ఆ ఒక్క నిమిషం పొగంతా మా వంటింట్లోకి వచ్చేది. పద్మకి ఆయాసం ఉందని తెలిశాక, మేము చెప్పకుండానే, దాన్ని వెనక పెరట్లోకి ఈడ్చుకుపోయాడు. అలాంటి మనిషి. అలాంటి మనిషితోనే నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

పద్మకి ఆయాసం పుట్టింటి నుంచీ ఉన్నదే. పాండిచ్చేరి ఉప్పుగాలికి ఎక్కువైంది. దుమ్ము తగలకూడదు, చీపురు ముట్టకూడదు అన్నాడు డాక్టరు. ఆ సంగతి ఎదురింటావిడ చెవిన పడింది. ఆవిడకీ వాళ్ళాయనకీ ఫ్రాన్సు పౌరసత్వం. అక్కడే ఉంటారు, ఏటా డిసెంబరులో వచ్చి సంక్రాంతి ముందే వెళ్ళిపోతారు. పద్మ ఆవిడని ఫ్రాన్సు అక్క అనేది. ఆ అక్క వెళ్ళిపోతూ తన వాక్యూమ్ క్లీనరు మాకు ఇచ్చేసింది. దానికి సంచి ఉండదు. లాగిన దుమ్మంతా గిర్రున తిరిగి, అద్దంలా కనపడే ప్లాస్టిక్ డబ్బాలో పడుతుంది. దాంతోపాటు ఒక చిన్న పుస్తకం, మొత్తం ఫ్రెంచిలో.

మొదటి నెల పద్మ ముఖం చూడాలి. రోజూ గదంతా మిషను తిప్పి, డబ్బాలో చేరిన దుమ్ము నాకు చూపించేది. "ఇదంతా నా ఊపిరితిత్తుల్లోకి పోయేదండీ," అనేది. రెండో నెలకి మిషను లాగడం మానేసింది. చప్పుడు మాత్రం రెట్టింపైంది. ఒక ఆదివారం నేనే విప్పుదామని హాల్లో కూర్చున్నాను. డబ్బా మూత ఎటు తిప్పానో ఏమో, భళ్ళున ఊడి దుమ్మంతా నా మీదా, సోఫా మీదా పడింది. పద్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తింది. సరిగ్గా అప్పుడే మూడో మెట్టు మీద గొంతు సవరింపు.

ఆయన గుమ్మంలో నిలబడి నన్నూ దుమ్మునీ మార్చి మార్చి చూశాడు.

"ఏంది ఇది? మిషనుని విప్పే లక్షణమా ఇది? జరుగు ఆడ," అన్నాడు.

జరిగాను. ఆ జరగడం జరగడం, మళ్ళీ దాని దగ్గరికి నన్ను రానివ్వలేదు.

ఆయన పద్ధతి ఇది. ముందు పాత పంచె ఒకటి పరిచేవాడు. ఆయిలింజను విప్పేటప్పుడు పరిచేది కూడా అలాంటిదే. ఏ భాగం ముందు ఊడితే అది ఎడమ చివర, తరవాతది దాని పక్కన, అలా కుడి చివరిదాకా. మరలు కూడా ఏ భాగానివి ఆ భాగం పక్కనే. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి. ఆ పంచె మీదుగా ఎవరూ దాటకూడదు. ఫ్యాను వెయ్యకూడదు. మాట్లాడకూడదు. నేను టార్చి పట్టుకోవాలి, పగలు పదకొండు గంటలకి.

"వెలుతురుందిగా మావయ్యగారూ," అనేవాణ్ణి.

"నీకి ఉండాది. మరకి ఉండాదా? లోపల చూపించు."

డబ్బా ఊడదీసి, దాని మధ్యలో ఉన్న గరాటులాంటిదాన్ని బయటికి తీసి, దాని చిల్లుల్లో ఇరుక్కున్న పీచునంతా పాత పళ్ళ బ్రష్షుతో గీకేవాడు. కింద తిరిగే బ్రష్షుకి చుట్టుకున్న పద్మ వెంట్రుకల్ని బ్లేడుతో ఒక్క గీత గీసి, చాప చుట్టినట్టు ఊడదీసేవాడు. గొట్టంలోకి గుడ్డ కట్టిన వెదురుపుల్ల దూర్చి అటునుంచి ఇటు లాగేవాడు. మోటారు ముందు ఉండే స్పాంజిని సీకాయ నీళ్ళలో పిసికేవాడు, సబ్బు పెడితే అది చచ్చిపోతుందట. చివరికి, గాలి బయటికి పోయేచోట ఒక జాలీ, దాని వెనక విసనకర్రలా మడతలు మడతలుగా ఉన్న ఇంకో ఫిల్టరు. దాన్ని కూడా అదే నీళ్ళలో ముంచి, మడతమడతకీ వేలు పెట్టి తోమి, డాబా మీద నీడలో ఆరబెట్టేవాడు.

"ఇది కడగొచ్చా మావయ్యగారూ? కాగితంలా ఉంది," అని మొదటిసారే అడిగాను. ఆయన పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, నీళ్ళ కుళాయి కింద ఫిల్టరు పట్టుకున్న బొమ్మ చూపించి, దాని పక్క వాక్యాన్ని ఫ్రెంచిలో ముక్కుతో చదివాడు. చదివి, నాకు తెలుగులో చెప్పాడు. "ఫిల్టర్ని చల్లనీళ్ళలో కడిగి, ఒక దినం ఆరబెట్టు అంటా ఉండాడు. అది వాళ్ళ ఊరికి. మన సముద్రం గాలికి మూడు దినాలు."

ఆ మూడు రోజులూ మిషను ఉండదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అదీ మా పరిస్థితి. ఆదివారం విప్పితే బుధవారానికి బిగిస్తాడు. శుక్రవారం డబ్బా పారబొయ్యనివ్వడు, ఇంట్లోది బయటికి పోకూడదట. ఇంక మాకు మిగిలింది ఎన్ని రోజులు? పుస్తకం నా దగ్గర పెట్టుకుంటానంటే, "నీకి దాంతో ఏం పని? చదివేది నేను గదా," అని ప్లాస్టిక్ కవరులో చుట్టి, కింద ట్రంకుపెట్టెలో పొలం కాగితాల పక్కన దాచేశాడు.

అన్నిటికన్నా నన్ను పీక్కుతిన్నది ఆయన దుమ్ము చూడడం. డబ్బాలో పేరుకున్నదాన్ని పాత పేపరు మీద కుమ్మరించి, పుల్లతో విడదీస్తూ కూర్చునేవాడు. "దూసి అబద్ధం చెప్పదయ్యా," అనేవాడు. దూసి అంటే దుమ్ము. వాక్యూమ్ క్లీనరుకి ఆయన పెట్టిన పేరు కూడా దూసి మిషనే. ఆ పుల్లతో మా వారమంతా బయటికి లాగేవాడు. "అమ్మణ్ణీ, కొత్త దిండు కొన్నావా? దూది వస్తా ఉండాది." "శెనక్కాయ పొట్టు మంచం కింద దొరికినాది. అంటే యానాం ఒకడే తిన్నాడు, నీకి పెట్టలేదు." పద్మ నవ్వేది. నా కొంప, నా శెనక్కాయలు, నా ఆదివారం. తేంగాయితిట్టు రేవు నుంచి తెచ్చుకున్న చేపలు సింకులో ఎదురుచూస్తుంటే, నేను టార్చి పట్టుకుని నా దుమ్ములో నా గుట్టు వింటూ కూర్చునేవాణ్ణి.

ఒక ఆదివారం పుల్ల ఆగింది. గోధుమరంగు పోగులు రెండు మూడు. ఆయన వాటిని వేళ్ళతో నలిపి వాసన చూశాడు. ఆయాసం ఉన్న భార్య పక్కన సిగరెట్టు మానేశానని ఒట్టేసిన మగాణ్ణి నేను. ఆఫీసు బయట కాలుస్తూనే ఉన్నాను. పొగాకు జేబులో రాలి, చొక్కాతో ఇంట్లోకి వచ్చింది.

"ఏమిటి మావయ్యగారూ అది?" అంది పద్మ.

"ఏమీ లేదు అమ్మణ్ణీ. కొబ్బరిపీచు," అన్నాడు. ఆ పోగుల్ని మడిచి తన పంచె ముడిలో పెట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు మెట్ల మీద నా మోచెయ్యి పట్టుకుని, "మానెయ్. పాపకి నేను చెప్పను. నువ్వు మానెయ్," అన్నాడు.

మానేశానని చెప్పను. తగ్గించాను. ఆయన్ని చూస్తే భయం మాత్రం పెరిగింది.

విచిత్రమేమిటంటే, ఆయన కడిగిన ప్రతిసారీ మిషను ఇంకా బాగా లాగేది. గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, "చూడు, చెయ్యి ఎట్ల పీకతా ఉండాదో! ఇప్పుడు చెప్పు," అని సవాలు చేసేవాడు. ఏం చెప్తాం? లాగుతోంది మరి. కానీ పద్మ ఆయాసం తగ్గలేదు. ఎక్కువైంది. డాక్టరు దుమ్మే కారణమన్నాడు, ఇంకా శుభ్రంగా ఉంచమన్నాడు. ఇంకా ఎక్కువ మిషను తిప్పింది. తిప్పినకొద్దీ ఆయన కడిగాడు. కడిగినకొద్దీ అది లాగింది. లాగినకొద్దీ పద్మకి ఊపిరి ఆడలేదు. దాదాపు రెండేళ్ళు ఇదే తంతు.

మిషను వచ్చిన రెండో ఏడు నవంబరులో, ఒక మధ్యాహ్నం, ఆఫీసుకి ఫోను వచ్చింది. పద్మ పడగ్గదిలో మిషను తిప్పి, అలాగే నేల మీద కూలబడిపోయిందట. నేను వెళ్ళేసరికి ఆయనే ఆటోలో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు. బెడ్డు మీద పద్మ పెదాలు నీలంగా ఉన్నాయి. ముక్కుకి గొట్టం. ప్రతి శ్వాసకీ ఈల. ఆయన ఆమె కాళ్ళ వైపు నిలబడి ఉన్నాడు. ఆదరాబాదరాగా వచ్చినట్టున్నాడు, చొక్కా లేదు, భుజం మీద తుండు. నన్ను చూసి, "మిషను గొట్టం నిన్ననే కడిగినానే," అన్నాడు. ఇంకెవరికో చెప్పుకుంటున్నట్టు ఆ మాటే రెండు మూడుసార్లు అన్నాడు. మూడు రోజులు ఉంచుకుని పంపారు.

కిందటేడు రాని ఫ్రాన్సు అక్క ఆ డిసెంబరులో వచ్చింది. పద్మని చూడడానికి పైకొచ్చి, మాట్లాడుతూ డాబా మీదికి వెళ్ళి, అక్కడ నీడలో ఆరుతున్న మడతల ఫిల్టరుని చూసి కేక వేసింది.

"దీన్ని కడిగింది ఎవరు? అయ్యో, దీన్ని తడి చెయ్యనే కూడదు. ఆరు నెలలకొకసారి పారేసి కొత్తది పెట్టాలి. కడిగితే లోపలి పీచు విడిపోయి, సన్నదుమ్ము అంతా వెనకనుంచి బయటికి వచ్చేస్తుంది. బుక్కులో రాసి ఉందే!" అంది అరవంలో.

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఫిల్టరు చిల్లులు పడింది కాబట్టే మిషను అంత బాగా లాగింది. ముందు నుంచి లాగిన దుమ్ముని, కంటికి కనపడనంత మెత్తగా చేసి, వెనకనుంచి పద్మ ముఖం మీదికి ఊదింది.

నేను మెట్లు ఎలా దిగానో తెలీదు. ఆయన వరండాలో కాఫీ తాగుతున్నాడు. ఆయన భార్య గడప దగ్గర చిక్కుళ్ళు తుంపుతోంది. పుస్తకం తెమ్మన్నాను. నా మొహం చూసి ఆయన ఏమీ అడక్కుండా ట్రంకుపెట్టె తెరిచి తెచ్చాడు. వెనకే దిగొచ్చిన అక్క, ఆయన ఎప్పుడూ చూపించే పేజీ స్పాంజి ఫిల్టరుదని చెప్పి, దాన్ని తిప్పింది. ఆ వెనక పేజీలో ఇంకో బొమ్మ. మడతల ఫిల్టరు, పక్కన నీళ్ళ కుళాయి, కుళాయి మీద పెద్ద కొట్టివేత. ఫ్రెంచి అక్కర్లేదు, ఏ భాషా అక్కర్లేదు, పాలు తాగే పిల్లకైనా తెలుస్తుంది.

ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయాలి. రాయకపోతే ఈ మనిషి గురించి రాయడానికి నాకు అర్హత లేదు.

"రెండేళ్ళు! రెండేళ్ళు నా భార్య ఊపిరితో ఆడుకున్నారు మీరు. పొలం పోయింది, పని లేదు, మీ పొద్దు పోక మా ఇంటి మీద పడ్డారు. చదవడం రాకపోతే రాదని చెప్పాలి. ఆ ఇంజను విప్పుకోండి, మీ తల విప్పుకోండి. మా గడప తొక్కద్దు ఇంక."

వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగారు. ఆయన భార్య చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ బొమ్మకేసి చాలాసేపు చూశాడు. కుళాయి మీది గీతని వేలితో తడిమాడు.

"మొదటి పేజీ చదివినాను గదా, తెలిసిపోయినాది అనుకుంటిని," అన్నాడు. అంతే.

నా జేబులో అప్పుడు సిగరెట్టు పెట్టె ఉంది. ఆయనకి తెలుసు. నా మీద అనడానికి ఒక్క మాట చాలు, పద్మ మెట్ల మీదే నిలబడి వింటోంది. అనలేదు. ఆ సంగతి నాకు పైకొచ్చి కూర్చున్నాక గానీ తట్టలేదు. పెట్టె తీసి చెత్తబుట్టలో పారేశాను. అంతటితో అది మానేశాను. కిందికి వెళ్ళి చెప్పడం మాత్రం చేతకాలేదు. పుస్తకం రెండేళ్ళు ఆయన పెట్టెలో ఉందంటే, ఒక్కసారి ఇటివ్వండి అని గట్టిగా అడగనివాణ్ణి నేను. టార్చి పట్టుకుని పక్కనే కూర్చున్నవాణ్ణి నేను. తప్పులో సగం నాది. తిట్టింది మొత్తం ఆయన్ని.

కొత్త ఫిల్టరు ఇక్కడ దొరకదు, అక్క ఫ్రాన్సు వెళ్ళాక పంపాలి. అప్పటిదాకా మిషను మూలన పెట్టమన్నాడు డాక్టరు. పొడి చీపురు వద్దు, రోజూ తడిగుడ్డ పెట్టించమన్నాడు. పద్మ వంగలేదు. నేను రెండు రోజులు తుడిచాను. గది మధ్యలో చెరువు, మూలల్లో ఎడారి.

మూడో రోజు పొద్దున్న ఆరింటికి తలుపు చప్పుడైంది. మూడో మెట్టు గొంతు సవరింపు లేదు. తలుపు తీస్తే ఆయన, ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో పాత పంచె చింపిన గుడ్డలు.

"గడప తొక్కద్దంటివి. తొక్కతా ఉండా," అని లోపలికి వచ్చేశాడు.

పద్మ మంచం దిగబోయింది. "నువ్వు ఉండు అమ్మణ్ణీ, కాళ్ళు పైన పెట్టుకో." గొంతుక్కూర్చుని మూలనుంచి మొదలుపెట్టాడు. ఇంట్లో చెంబు ఎత్తి అవతల పెట్టే అలవాటు లేని మనిషి. అన్నం తిన్న కంచం ఏనాడూ తన చేత్తో తియ్యని మనిషి. గుడ్డని మడతలు మడతలుగా చేసి, ఒక్కో మడతకి ఒక్కో జానెడు నేల తుడిచి, మడత మార్చి, అన్నీ అయ్యాక నీళ్ళు మార్చి, మళ్ళీ అక్కడినుంచే. మంచం కిందికి బోర్లా పడుకుని చెయ్యి పెట్టాడు.

"మావయ్యగారూ, లేవండి. నేను చేస్తాను. మీరు చెయ్యకూడదు," అన్నాను.

"జరుగు. తడి మీద కాళ్ళు పెట్టేవు."

కింద నుంచి ఆయన భార్య గొంతు వినపడింది. అద్దెకుండేవాళ్ళ నేల తుడిచే గతి పట్టిందా అని అరవంలో ఏడుస్తోంది. ఆయన వినపడనట్టు గుడ్డ మడత మార్చాడు.

ఇంతా చేసి, విసిగించడం ఏమైనా మానాడా? లేదు. ఆరింటికి లేపేవాడు, ఆదివారం కూడా. ఫ్యాను ఆపేసేవాడు, నేల సహజంగా ఆరాలట. ఆరేదాకా నేను బాత్రూముకి వెళ్ళడానికి వీల్లేదు. బీరువా జరపమనేవాడు, వారంలో రెండుసార్లు, నా నడుం పట్టేసింది. బీరువా వెనక దొరికిన నా పాత రసీదులు చదివి, "ఈ చొక్కాకి ఇంత పెట్టినావా?" అని ఆరా తీసేవాడు. ఒక పొద్దున్న నేను దుప్పట్లోంచి, "మావయ్యగారూ, ఒక్క రోజు సెలవు తీసుకోండి," అని బతిమాలాను. "దూసి తీసుకుంటాదా సెలవు?" అన్నాడు.

నలభై రోజులకి ఫ్రాన్సు నుంచి పార్సిలు వచ్చింది. అందులో మూడు ఫిల్టర్లు. నేను ఒకటి పట్టుకుని కిందికి వెళ్ళాను. "మీరే బిగించండి," అన్నాను. అది నేను చేతనైనంతలో అడిగిన క్షమాపణ. ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను ముట్టను. నువ్వే పెట్టు," అన్నాడు. పైకొచ్చి, దూరంగా గోడకి ఆనుకుని నిలబడి, నేను జాలీ బిగించేదాకా చూశాడు. మర ఒకటి వంకరగా పోతుంటే ఆయన వేళ్ళు కదిలాయి. రాలేదు మాత్రం.

ఇంక ఆరింటికి లేచే బాధ తప్పిందనుకుని మర్నాడు తీరిగ్గా పడుకున్నాను. ఆరింటికి తలుపు చప్పుడు. బకెట్టు.

"ఫిల్టరు వచ్చేసింది కదా మావయ్యగారూ! మిషను ఉందిగా!"

"మిషను పని మిషను చేస్తాది. నువ్వు జరుగు," అన్నాడు.

అలా మాకు మళ్ళీ యానాం బదిలీ అయ్యేదాకా, ఏడాదిన్నరపాటు, జ్వరం వచ్చిన నాలుగు రోజులు తప్ప, రోజూ వచ్చాడు. ఆ ఏడాదిన్నరలో పద్మ ఆసుపత్రి మెట్లెక్కలేదు. అది ఆయన తడిగుడ్డ వల్లో, కొత్త ఫిల్టరు వల్లో, నేను సిగరెట్టు మానడం వల్లో నాకు తెలీదు. ఆయన మాత్రం ఏనాడూ తన వల్లే అనలేదు. అంతకుముందైతే వీధంతా చాటేవాడు.

వెళ్ళిపోయే రోజు సామానంతా లారీ ఎక్కింది. డ్రైవరు ఇంజను ఆన్ చేసి కిందనుంచి హారను కొడుతున్నాడు. ఆయన ఖాళీ గదిలోకి వచ్చాడు. పద్మని కిటికీ గట్టు మీద కూర్చోమన్నాడు.

"అమ్మణ్ణీ, ఆ పక్కకి తిరుగు. గాలి పీల్చు," అన్నాడు. చెవి ఆమె వీపుకి జానెడు దూరంలో పెట్టి వంగాడు. అంతలోనే లేచి, కిటికీలోంచి తల బయట పెట్టి, "ఏమప్పా డ్రైవరూ, ఇంజను ఆపు! ఈడ నాకి వినపడాల!" అని అరిచాడు. ఆలస్యమైపోతోందని నేను పళ్ళు కొరుక్కుంటున్నాను. డ్రైవరు సణుగుతూ ఆపాడు. వీధంతా నిశ్శబ్దమైంది.

"పీల్చు."

పద్మ పీల్చింది. నిండుగా పీల్చి, మెల్లగా వదిలింది.

"ఇంకోసారి."

ఇంకోసారి పీల్చింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. మూడోసారి కూడా పీల్చమన్నాడు. తరవాత నడుం పట్టుకుని నిటారుగా నిలబడి, నాకేసి తిరిగాడు. "సద్దు లేదు," అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి.

మేడ నుంచి వీధిలోకి పదమూడు మెట్లు. ఆయన ముందు, నేను వెనక. వరండాలో ఆ రోజు నేను అరిచిన చోటు దాటుకునే వెళ్ళాలి. మన్నించండి మావయ్యగారూ అనడానికి పదమూడు మెట్ల వ్యవధి ఉంది. లారీవాడు మళ్ళీ హారను కొట్టాడు. "వెళ్ళొస్తాం," అన్నాను నేను.